పదో తరగతి తర్వాత ఏమిటి? - బడికి పిలుపు వచ్చిన తల్లిదండ్రులు

మన సంఘం ప్రత్యేక సంచికకు విద్యను గూర్చి ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. నేను ఉపాధ్యాయుడిని కాను. 1971లో ఎల్.డి.సి.గా చేరి 2007లో సీనియర్ అసిస్టెంటుగా దిగేవరకు నా సర్వీసులో ఎక్కువ భాగం ఎంప్లాయిమెంట్ ఎక్స్‌చేంజిలో గడిచింది. బడి ఆ చివర, మా కౌంటరు ఈ చివర. బడిలో ఎవరూ చెప్పని సంగతులు మా కిటికీ దగ్గర బయటపడేవి. పిల్లలు ఏ చదువు చదవాలి, ఏ పనిలోకి పోవాలి అన్న విషయం మాట్లాడటానికి బడి ఇంటివారిని ఎప్పుడు పిలిచింది, ఎప్పుడు పిలవలేదు అన్నది నేను చూసిన మేరకు, చదివిన మేరకు ఇక్కడ వ్రాస్తున్నాను.

మా రోజుల్లో పదకొండేళ్ళు చదివితే ఎస్.ఎస్.ఎల్.సి., ఆపైన ఒక ఏడు పి.యు.సి. మా నాయనగారు నా చదువు మొత్తంలో బడి గడప తొక్కింది రెండే సందర్భాల్లో. మొదటిది నన్ను చేర్పించిన రోజు. పుట్టిన తేదీ అడిగితే 'తుపాను వచ్చిన ఏడు' అన్నారట. హెడ్మాస్టరుగారు వేళ్ళు లెక్కపెట్టి ఏదో తేదీ వేశారు. మనలో చాలామంది రిటైర్మెంటు తేదీని నిర్ణయించిన మహానుభావులు ఆ అయ్యవార్లే! రెండోది వార్షికోత్సవం. అతిథిగారి ఉపన్యాసం, బహుమతులు, చివర నాటకం. మగవాళ్ళు బెంచీల మీద, ఆడవాళ్ళు వెనక జంపఖానా మీద. నాటకం బాగుందనుకుంటూ లాంతర్లు పట్టుకుని ఇళ్ళకు వెళ్ళేవారు. 'మీ వాడు ఇకమీదట ఏం చదువుతాడు?' అని ఆ వేదిక మీంచి ఎవరూ అడిగిన గుర్తు లేదు.

అడగవలసిన అవసరం మాత్రం ఉండేది. హైస్కూలు మధ్యలోనే లెక్కల్లో రెండు దారులు చీలేవి. ఒకటి కాంపోజిట్, రెండోది జనరల్. ఇంజనీరింగు వైపు పోదలచినవారికి కాంపోజిట్ కావాలి. ఈ సంగతి ఊళ్ళో కరణంగారి ఇంట్లో తెలుసు, డాక్టరుగారి ఇంట్లో తెలుసు. రైతు ఇంట్లో, చేనేత ఇంట్లో తెలియదు. కుర్రవాడు స్నేహితుడు ఎటు పోతే అటు పోయేవాడు. తండ్రి ప్రోగ్రెసు కార్డు మీద వేలిముద్ర వేసేవాడు. తన బిడ్డకు ఒక తలుపు మూసుకుపోయిందని ఆయనకు తెలిసేసరికి నాలుగైదేళ్ళు గడిచేవి. అదీ మా కౌంటరు దగ్గర తెలిసేది.

పెద్దలకు ఈ లోపం తెలియదనుకోకండి. మద్రాసు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ లక్ష్మణస్వామి ముదలియార్ అధ్యక్షతన ఏర్పడిన మాధ్యమిక విద్యా సంఘం 1953లోనే చెప్పింది. పిల్లలకు దారి చూపడానికి శిక్షణ పొందిన గైడెన్స్ అధికారులు, కెరీర్ మాస్టర్లు క్రమంగా అన్ని విద్యాసంస్థలకూ అందుబాటులోకి రావాలన్నది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ ఇంకొంచెం దిగి వచ్చి, కనీసం పది హైస్కూళ్ళకు ఒక కౌన్సెలరైనా తిరుగుతూ ఉండాలన్నది. పదింటికి ఒకరు! అది కూడా నేను చూసిన పల్లెటూరి హైస్కూళ్ళకు రాలేదు. డ్రిల్లు మాస్టరుకే పోస్టు లేని బడిలో కెరీర్ మాస్టరు ఎక్కడినుంచి వస్తాడు?

ఆ పని కొంతవరకు మా శాఖ మీద పడింది. శివరావు కమిటీ సిఫారసు మీద ఎక్స్‌చేంజీల రోజువారీ నిర్వహణ కేంద్రం నుంచి రాష్ట్రాలకు వచ్చింది. 1956 నవంబరు 1న, అంటే ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజునే వచ్చింది. ఖాళీలను మాకు తప్పక తెలియజేయాలన్న చట్టం 1959లో వచ్చింది. ఫలితాలు వెలువడిన వారం మా వరండా తిరునాళ్ళలా ఉండేది. అభ్యర్థి వివరాలు ఎక్స్-1 కార్డు మీద వ్రాసుకుని, చేతికి ఎక్స్-10 కార్డు ఇచ్చేవాళ్ళం. ఆ కార్డును పసుపు, కుంకుమ పెట్టి దేవుడి పటం వెనక దాచుకున్న ఇళ్ళు నాకు తెలుసు. కార్డు ఇచ్చామంటే ఉద్యోగం ఇచ్చామనే అనుకునేవారు పాపం.

మా శాఖలో వొకేషనల్ గైడెన్స్ విభాగం అని ఒకటి ఉండేది. ఆఫీసరుగారు హైస్కూళ్ళకు వెళ్ళి ఉపన్యాసం ఇచ్చేవారు. చార్టుల చుట్టలు మోసేది నేను. మామూలుగా అది పగటిపూట జరిగేది. పిల్లలు వరుసగా కూర్చుని వినేవారు, చప్పట్లు కొట్టేవారు, ఇంటికి వెళ్ళి మరచిపోయేవారు. నిర్ణయం చేసేవాళ్ళు పొలంలో ఉండేవారు మరి.

1979లో ఒక సమితి కేంద్రంలోని హెడ్మాస్టరుగారు మాత్రం మా ఆఫీసరుగారికి వేరే కబురు పంపారు. "సంత రోజున రండి, సాయంత్రం నాలుగింటికి. తల్లులు కూడా వస్తారు" అని. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఎలాగూ సంతకు వస్తారు కదా అని ఆయన ఆలోచన. కూరల గంపలు వరండాలో పెట్టి పదో తరగతి పిల్లల తల్లిదండ్రులు లోపలికి వచ్చారు. పాలిటెక్నిక్, ఐ.టి.ఐ., టీచరు ట్రైనింగు, ఇంటర్లో గ్రూపులు అంటూ ఆఫీసరుగారు మొదలుపెట్టారు. పది నిమిషాలు కాకముందే వెనకనుంచి ఒకామె లేచి, "అవన్నీ సరే బాబూ, కాలేజీ వదిలాక మా ఊరి బస్సు ఉంటుందా? చీకటి పడితే ఆడపిల్లను పంపను" అన్నది.

మా చార్టుల్లో బస్సు లేదు. అక్కడనుంచి సభ తీరే మారిపోయింది. హాస్టలు ఉందా, స్కాలర్‌షిప్పు ఎప్పుడు చేతికి వస్తుంది, పుస్తకాలు ఎవరిస్తారు, దరఖాస్తుకు కులం సర్టిఫికెట్టు ఎవరి దగ్గర తీసుకోవాలి? అన్నీ ఆడవాళ్ళే అడిగారు. మగవాళ్ళు బీడీలకు బయటికి పోయి వచ్చారు. చీకటిపడ్డాక కూడా ఎవరూ కదలలేదు. హెడ్మాస్టరుగారు ఆ తల్లులచేతనే అర్జీ మీద సంతకాలు, వేలిముద్రలు వేయించి ఆర్.టి.సి. డిపోకు తీసుకువెళ్ళారు. రెండు నెలలు తిరిగాక సాయంత్రం ట్రిప్పు గంట ముందుకు జరిగింది. ఆ ఊరినుంచి ఆడపిల్లలు ముగ్గురు ఆ ఏడు జూనియర్ కాలేజీలో చేరారు. వారిలో ఒకామె కొన్నేళ్ళ తర్వాత డిగ్రీ నమోదు చేయించుకోవడానికి మా కిటికీ దగ్గరికి వచ్చి, "మా ఊరి బస్సు వేయించింది మీరే కదండీ" అన్నది. బస్సు వేయించింది మేము కాదు, వాళ్ళమ్మ!

ఆ హెడ్మాస్టరుగారు బదిలీ అయిన తర్వాత అక్కడ మళ్ళీ అటువంటి సభ జరగలేదు. ఆయన చేసినది ఏ జీ.వో.లోనూ లేదు గనుక తర్వాత వచ్చినవారు చేయలేదు.

1986లో ఎంసెట్ మొదలైంది. తొంభైలలో ప్రైవేటు కాలేజీల జోరు పెరిగింది. పదో తరగతి పరీక్షలు అవకముందే కాలేజీ మనుషులు ఇంటికి వచ్చి, చాపమీద కూర్చుని, అమ్మమ్మను కూడా పేరుపేరునా పలకరించి, ఫీజులో రాయితీ అని కాగితం మీద వ్రాసి చూపేవారు. ప్రభుత్వ బడి యాభై ఏళ్ళలో చేయని పనిని వారు రెండు వేసవుల్లో చేశారు. కుటుంబమంతటినీ కూర్చోబెట్టి పిల్లవాడి భవిష్యత్తు మాట్లాడారు. కాకపోతే అమ్మేవాడు మాట్లాడాడు. ఎం.పి.సి., బై.పి.సి. తప్ప మూడో మాట ఆ చాపమీద వినపడలేదు. ఇటు మా కార్డు విలువ కూడా తగ్గింది. మా జాబితాతో సరిపెట్టక పత్రికల్లో ప్రకటన కూడా ఇవ్వాలని సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది. అది మన కృష్ణా జిల్లా ఎక్సైజు శాఖ కేసే.

ఆ రెండు గ్రూపుల మీదే ఇంటిల్లిపాది ఆశలు పెట్టుకోవడం ఎంత దూరం పోయిందో 2019 ఏప్రిల్‌లో చూశాము. తెలంగాణలో ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మూల్యాంకనంలో తప్పులు జరిగాయన్నది ఒక సంగతి. ఒక్క పరీక్ష పోతే ఇక ఏ దారీ లేదని ఆ పిల్లలు ఎందుకు నమ్మారన్నది ఇంకొక సంగతి. రెండోదానిమీద విచారణ సంఘాలు వేయరు.

ఉమ్మడి రాష్ట్రంలో 1998లో విద్యా కమిటీల చట్టం వచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం బడి యాజమాన్య కమిటీల్లో మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలన్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న ప్రభుత్వ బడులన్నిటిలోనూ ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశం జరిపారు. తల్లులకు ముగ్గుల పోటీ, తండ్రులకు తాడులాట పెట్టారు. నవ్వినవాళ్ళు నవ్వారు గాని, నాకు నచ్చింది. బడి అంటే బెదురు పోవాలంటే ముందు లోపలికి రావాలి గదా. అయితే ఆ రోజు మాటలు మార్కుల గూర్చి, భోజనం గూర్చి, మరుగుదొడ్ల గూర్చి నడిచాయి. పదో తరగతివారికి వేరే ఒక సాయంత్రం కావాలి. అది ఫలితాలు వచ్చాక కాదు, సంక్రాంతి వెళ్ళగానే జరగాలి. పాలిసెట్ దరఖాస్తు ఎప్పుడు? 2008లో పెట్టిన ట్రిపుల్ ఐటీలలో ప్రభుత్వ బడి పిల్లలకు అదనపు వెయిటేజి ఉందని ఎంతమంది తల్లులకు తెలుసు? ఒకేషనల్ ఇంటర్ చదివితే డిగ్రీకి దారి ఉందా? ఇవన్నీ వేసవిలో తెలిస్తే లాభం లేదు.

మొన్న ఫిబ్రవరిలో మా పేటలోని బడిలో అటువంటి సాయంత్రం ఒకటి పెడితే నేనూ, రెవెన్యూలో పనిచేసి రిటైరైన మిత్రుడొకరూ వెళ్ళాము. గ్రూపుల గూర్చి టీచరమ్మలు చెప్పారు. ఆదాయం, కులం, నేటివిటీ ధ్రువపత్రాల సంగతి మా మిత్రుడు చూసుకున్నాడు. ఆధార్‌లో ఒక ఇంటిపేరు, బడి రికార్డులో ఇంకొకటి ఉన్నవాళ్ళే సగం మంది. ఆరింటికి ముగియవలసిన సభ ఎనిమిదింటికి గాని ముగియలేదు. మా మిత్రుడి బల్ల ముందు వరుస అప్పటికీ తరగకపోతే, మర్నాడు తన ఇంటి అరుగు దగ్గరికి రమ్మని చిరునామా బోర్డు మీద వ్రాసి వచ్చాడు.