ఆట బతకాలంటే నకలు ఉండాలి

గేమ్ బాయ్ కోసం 1996లో జపాన్‌లో వచ్చిన పోకెమాన్ క్యాట్రిడ్జ్ విప్పి చూస్తే, ఆట ఉన్న చిప్‌తో పాటు గుండ్రటి చిన్న బ్యాటరీ ఒకటి సోల్డర్ చేసి కనిపిస్తుంది. ఆట ఎక్కడ ఆపారో గుర్తుపెట్టుకునే మెమరీకి ఆ బ్యాటరీయే ఆధారం. అది అయిపోతే సేవ్ చేసుకున్నదంతా పోతుంది. 1999 నాటి గోల్డ్, సిల్వర్ ఆటల్లో అదే బ్యాటరీ లోపలి గడియారాన్ని కూడా నడపాలి కనుక ఇంకా త్వరగా అయిపోతుంది. కొత్తది వేయవచ్చు, కానీ పాతది ఊడదీయగానే పాత సేవ్ చెరిగిపోతుంది. అందుకే తెలిసినవాళ్లు ముందుగా డేటాను కంప్యూటర్‌లోకి దింపుకుంటారు. అంటే వస్తువును కాపాడాలన్నా నకలు తీయక తప్పదు. ఆ నకలును నడిపించేది ఎమ్యులేటర్, అంటే పాత యంత్రంలా ప్రవర్తించే ప్రోగ్రామ్. దాన్ని తయారుచేయడం కాపీరైట్ ఉల్లంఘన కాదని సోనీకీ, ఎమ్యులేటర్ చేసిన కనెక్టిక్స్‌కూ మధ్య నడిచిన కేసులో అమెరికా అప్పీలు కోర్టు 2000లోనే తేల్చింది. పేచీ అంతా ఆట నకలు దగ్గరే.

హక్కుదారులే మళ్లీ అమ్ముతారుగా, నకళ్లెందుకు అంటారు కొందరు. 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ లెక్క తీస్తే, అమెరికాలో 2010కి ముందు వచ్చిన ఆటల్లో 87 శాతం మార్కెట్లో దొరకడం లేదని తేలింది. గేమ్ బాయ్ ఆటల్లోనైతే దొరికేవి ఆరు శాతం లోపే. అదే ఏడాది మార్చిలో నింటెండో తన 3డీఎస్ గేమ్ యంత్రపు ఆన్‌లైన్ దుకాణంలో అమ్మకాలు ఆపేసింది. ఆ దుకాణంలో మాత్రమే వచ్చిన ఆటలను ఇక కొనే దారే లేదు. పైరసీ మాటేమిటంటే, ఆ అభ్యంతరం ఉత్తిది కాదు. అప్పటికి అంగట్లో ఉన్న స్విచ్ ఆటలను నడిపే యుజు ఎమ్యులేటర్‌పై నింటెండో దావా వేసినప్పుడు, 2024లో దాని తయారీదారులు 24 లక్షల డాలర్లకు రాజీపడ్డారు. అక్కడ కంపెనీ కోపంలో న్యాయం ఉంది. అయితే అదే బృందం చేతిలోని 3డీఎస్ ఎమ్యులేటర్ సిట్రా కూడా దాంతోపాటే ఆగిపోయింది. అమ్మే సరుకును దొంగిలించడం, అమ్మడం మానేసినదాన్ని దాచడం ఒకటి కాదు.

నకలు అసలుకు సమానమా అంటే కాదు. 2003 నాటి బొక్తాయి అనే ఆట క్యాట్రిడ్జ్‌లో ఎండను గుర్తించే సెన్సర్ ఉంది. పిశాచాలను చంపాలంటే ఆడేవాళ్లు నిజంగానే ఎండలోకి రావాలి. ఎమ్యులేటర్‌లో ఆ ఎండ ఒక బటన్ నొక్కితే వస్తుంది. లోటే, కానీ ఆట మొత్తమే పోవడం కంటే నయం. అయినా, భద్రపరిచిన పాత ఆటలను దూరాన ఉన్న పరిశోధకులకు అందిస్తామని గ్రంథాలయాలు అడిగితే, 2024 అక్టోబరులో అమెరికా కాపీరైట్ కార్యాలయం కుదరదంది. గ్రంథాలయాల చేతులు కట్టేసి, ఈ భారాన్ని చట్టం అంచున తిరిగే ఔత్సాహికుల మీదకు నెట్టిన తప్పు నిర్ణయమది.