లక్కపిడతల రంగు ఎక్కడికి పోయింది, ఎలా తిరిగొచ్చింది?

ఇవాళ్టి టాపిక్ లక్కపిడతలు. చిన్న పొయ్యి, చిన్న గిన్నెలు, ఎర్రగా పచ్చగా మెరిసిపోతూ ఉంటాయి కదా, అవే. ఆ మెరుపు చూసి పెయింట్ అనుకుంటాం. కానీ అక్కడ బ్రష్షే లేదు.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది పక్కన ఏటికొప్పాక అనే ఊరుంది. అక్కడ అంకుడు కర్ర ముక్కని లేత్ మీద గిరగిరా తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనించి నొక్కుతారు. రాపిడికి వేడి పుట్టి, లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే ఆ నునుపు వస్తుంది. లక్క అంటే చెట్ల కొమ్మల మీద బతికే చిన్న పురుగులు విడిచే జిగురు. అంటే రంగు ఉండేది కర్రలో కాదు, ఆ జిగురులో. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ఒక్కసారి లండన్ వెళ్దాం. 1856లో విలియం పెర్కిన్ అనే 18 ఏళ్ల కుర్రాడు మలేరియా మందు క్వినైన్ తయారుచేద్దామని, బొగ్గు తారు నుంచి వచ్చే పదార్థాలతో ప్రయోగాలు చేస్తున్నాడు. మందు రాలేదు, ఊదా రంగు వచ్చింది. అక్కణ్నుంచి ఫ్యాక్టరీ రంగుల యుగం మొదలైంది. 1897లో జర్మనీ కంపెనీ బీఏఎస్ఎఫ్ కృత్రిమ నీలిమందు అమ్మకానికి పెట్టింది. మన దేశంలో నీలి సాగు కుప్పకూలింది. ఆ తర్వాత చిన్నచిన్న ఊళ్ల బజార్లలోకి కూడా రంగు పొట్లాలు వచ్చేశాయి.

ఏటికొప్పాక కళాకారులు కూడా అటే వెళ్లారు. నాకైతే అందులో వాళ్ల తప్పేం కనబడదు. పసుపు, జాఫ్రా గింజలు, నీలి ఆకు, కరక్కాయ... వీటి రంగు నీళ్లలోకి దిగుతుంది. లక్కకేమో నీళ్లతో పడదు. కాబట్టి ఉడకబెట్టి, చిక్కబరిచి, ఆరబెట్టి, పొడి చేసి, అప్పుడు వేడి లక్కలో కలపాలి. అంత చేసినా ఈసారి వచ్చిన షేడ్ వచ్చేసారి రాదు. పొట్లం రంగు అయితే చిటికెడు వేస్తే చాలు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, రెడీమేడ్ లైబ్రరీ దొరికాక సొంత కోడ్ ఎవరు రాస్తారు? సమస్య ఏంటంటే, పాత కోడ్ తెలిసిన పెద్దవాళ్లు వెళ్లిపోయారు, డాక్యుమెంటేషన్ లేదు.

పైగా ఇవి ఆటబొమ్మలు, పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. కొన్ని పసుపు, ఎరుపు రసాయన రంగుల్లో సీసం ఉంటుంది. పిల్లల మెదడు విషయంలో సీసానికి సురక్షితమైన మోతాదంటూ లేదని డబ్ల్యూహెచ్‌ఓ చెబుతోంది. ప్రతి కెమికల్ రంగూ విషమని నేననట్లేదు. కానీ పొట్లం మీద ఏముందో రాసి లేనప్పుడు కళాకారుడికి మాత్రం ఎలా తెలుస్తుంది?

ఇక్కడే సీవీ రాజు గారి గురించి చెప్పాలి. అదే ఊరాయన. మొక్కల నుంచి రంగులు తీసే పద్ధతుల్ని ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి, లక్కతో కలిసేలా తిరిగి నిలబెట్టారు. 2023లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మలకి 2017లోనే జీఐ ట్యాగ్ వచ్చింది.

నన్ను బాగా ఆశ్చర్యపరిచింది మాత్రం అంకుడు చెట్టే. దాని శాస్త్రీయ నామం రైటియా టింక్టోరియా. టింక్టోరియా అంటే రంగులద్దకానికి పనికొచ్చేదని అర్థం. దాని ఆకుల నుంచి కూడా నీలి రంగు తీసేవారు! బొమ్మకి కర్రా అదే చెట్టు, కావాలంటే రంగూ అదే చెట్టు.

చివరిగా కొనేవాళ్లకి ఒక మాట. బొమ్మలకి ప్రభుత్వం 2020లో తెచ్చిన నాణ్యతా నిబంధనల నుంచి జీఐ ఉన్న బొమ్మలకీ, రిజిస్టర్ అయిన చేతివృత్తులవాళ్లకీ మినహాయింపు ఇచ్చారు. చిన్న కళాకారులకి అది ఊరటే. కానీ "ఏటికొప్పాక బొమ్మ" అని చెప్పి అమ్మేవాటన్నిట్లోనూ మొక్కల రంగే ఉంటుందని గ్యారంటీ లేదు. షాపులో అడగండి, "ఈ పసుపు రంగు దేంతో చేశారండీ?" అని. స్వయంగా చేసినవాళ్లయితే టక్కున చెప్పేస్తారు.