దివాన్ గడప దాటాలంటే

నేను నల్గొండ నుంచి ఛత్తా బజార్‌కు వచ్చింది 1979లో, పెళ్లి కార్డుల ప్రెస్సులో తెలుగు కంపోజింగ్ పనికి. నాది సీసం అక్షరాల పని. పక్క బల్ల మీద ఉర్దూ కార్డులు రాసే కాతిబ్ కూర్చునేవారు, ఆయనది రెల్లు కలం పని. అందరం ఆయన్ను ఉస్తాద్ అనేవాళ్లం. ‘చి.ల.సౌ.’ అన్న ముక్కను నేను ముందే పేర్చి, దారం చుట్టి పక్కన పెట్టుకునేవాణ్ని. ప్రతి శుభలేఖలోనూ పడేదే కదా. ఆయనకు ఆ వెసులుబాటు లేదు. అదే పేరు వందోసారి వచ్చినా మళ్లీ మొదటి గీత నుంచి రాయాల్సిందే.

ఒకరోజు టీ తాగుతూ ఆయన్ను అడిగాను, మన పక్కనున్న దివాన్ దేవిడీకి ఆ పేరెలా వచ్చిందని. దివాన్ అంటే నిజాం మంత్రి, దేవిడీ అంటే గడప, వాకిలి అన్నారు. సాలార్‌జంగ్‌ల ఇల్లు అది. తర్వాత గొంతు తగ్గించి, “ఆ గడప దాటాలంటే దివాన్‌కి కూడా ఖిల్వత్ నుంచి ఇజాజత్ రావాలి” అన్నారు. రాజ్యం నడిపే మనిషికి తన ఇంట్లోంచి బయటికి రావడానికి అనుమతా? పెద్దాయన కథ చెబుతున్నారనుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత చరిత్ర పుస్తకాల్లో అదే మాట చదివి, ఆయన్ను నమ్మనందుకు సిగ్గుపడ్డాను.

ఊరి నుంచి చుట్టాలెవరొచ్చినా వాళ్లను ఈ దారినే తిప్పుతాను. ముందు నిజాంల చౌమహల్లా, అక్కణ్నుంచి దివాన్ దేవిడీ మీదుగా నడుచుకుంటూ సాలార్‌జంగ్ మ్యూజియం. రెండు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. శుక్రవారం మాత్రం తీసుకెళ్లను, రెండూ మూసే ఉంటాయి. చార్మినార్ చూడ్డానికి వచ్చినవాళ్లు ఈ నడకను రెండు చూడదగ్గ చోట్ల మధ్య దారిలా చూస్తారు. నాకది యజమాని ఇంటికీ మంత్రి ఇంటికీ మధ్య దూరం. ఆ దూరం తెలియకపోతే ఆ రెండు ఇళ్లలో ఏదీ సరిగా అర్థం కాదని నా నమ్మకం.

చౌమహల్లా పని 1750లో సలాబత్ జంగ్ మొదలుపెట్టాడు. పూర్తయింది ఐదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో, అంటే 1857కీ 1869కీ మధ్య. ఒకప్పుడు 45 ఎకరాల ఆవరణ, ఇప్పుడు మిగిలింది అందులో మూడో వంతు కూడా కాదు. నేను ఊళ్లోకి వచ్చిన పాతికేళ్ల దాకా దాని గోడే చూశాను. లోపలికి జనాన్ని రానిచ్చింది 2005లో. మొదటిసారి దర్బారు హాల్లో అడుగుపెట్టినప్పుడు నా కళ్లు పందొమ్మిది షాండ్లియర్ల మీద ఆగలేదు. కింద ఉన్న పాలరాతి తఖ్త్ మీద ఆగాయి. ఉస్తాద్ చెప్పిన ఇజాజత్ ఇక్కణ్నుంచే రావాలి కదా అనుకున్నాను. ఈ హాలునే ఖిల్వత్ అంటారు. ఆ మాటకు అర్థం ఏకాంతం. వందలమంది చేతులు కట్టుకుని నిలబడే చోటికి ఆ పేరు.

మీర్ తురాబ్ అలీ ఖాన్, అంటే మొదటి సాలార్‌జంగ్, 1853లో దివాన్ అయ్యాడు. అప్పటికి ఆయన వయసు 24 ఏళ్లు. ఖజానా ఖాళీ, జీతాలు అందని సైన్యం, తాకట్టులో జాగీర్లు. ఆ రాజ్యాన్ని ఆయన దారిలో పెట్టాడు. 1865లో జిల్లాలుగా విభజించి, ప్రతి జిల్లాకూ అధికారులను పెట్టి, పన్ను వసూలును గుత్తేదార్ల చేతుల్లోంచి తప్పించాడు. 1857 తిరుగుబాటులో మాత్రం ఇంగ్లీషువాళ్ల వైపు నిలబడ్డాడు. ఆ జూలైలో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ జనాన్ని వెంటబెట్టుకుని కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి వెళ్తే, ఆ కబురు రెసిడెంటుకు ముందే అందింది దివాన్ వైపు నుంచి. ఈ విషయంలో నా మనసు తుర్రేబాజ్ ఖాన్ వైపే. సాలార్‌జంగ్ తెలివిని ఎంత మెచ్చుకున్నా ఇది మరిచిపోలేను.

ఇంగ్లీషువాళ్లకు దగ్గరైనకొద్దీ నిజాంకు ఆయన మీద అనుమానం పెరిగింది. తొలగించాలని చూస్తే రెసిడెన్సీ అడ్డుపడింది. తీసేయడం కుదరని మనిషిని కదలనివ్వకుండా కూర్చోబెట్టడం ఒక్కటే మిగిలింది. ఊరి బయట తన తోటలో విందు ఇవ్వాలన్నా, కంటోన్మెంటులో కవాతు చూడాలన్నా, చివరికి రెసిడెంటును కలవాలన్నా దివాన్ ముందుగా నిజాంను అడగాలి. ఏళ్ల తరబడి అలాగే గడిచింది.

ఖిల్వత్ నుంచి బయటికొస్తే మహబూబ్ చౌక్ గడియార స్తంభం, అక్కణ్నుంచి లాడ్ బజార్. ఇక్కడ నా చుట్టాలు గంటసేపు కదలరు, నేనూ తొందరపెట్టను. దుకాణాల ముందు వరసను వదిలి పక్క సందుల్లోకి వెళ్తే లక్క గాజులు చేసేవాళ్లు కనిపిస్తారు. కుంపటిలో బొగ్గులు కణకణలాడుతుంటాయి. కర్రకు అంటించిన లక్క ముద్దను వేడి చేసి, బల్ల మీద దొర్లించి కడ్డీలా సాగదీస్తారు. గాజు కొలతకు తుంచి, గుండ్రంగా వంచి, రెండు కొసలనూ కలిపి వేలితో నొక్కుతారు. ఆ అతుకు ఎక్కడుందో మళ్లీ కంటికి కనబడదు. ఆపైన రాళ్లు పొదగడం. ఎక్కువగా ఇది ఆడవాళ్ల పని. గాజును మళ్లీ సెగ చూపించి, మెత్తబడిన క్షణంలో ఒక్కో రాయినీ సన్నని మొనతో ఎత్తి కూర్చాలి. ఒక్క క్షణం ముందైతే రాయి పట్టదు, ఆలస్యమైతే లోపలికి మునిగిపోతుంది. నేను చూసినావిడ రాళ్లకేసి చూడనేలేదు. పక్కన బడి పుస్తకం చదువుతున్న కూతురి తప్పులు దిద్దుతూ వరస తప్పకుండా పొదుగుతూనే ఉంది. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు ఆవిడ కూలిని పెంచాలని గట్టిగా కోరుకుంటున్నాను.

చార్మినార్ దగ్గర నేను ఎక్కువసేపు ఆగను, 1591 నుంచి నిలబడి ఉన్నదాని గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఉత్తరానికి తిరిగి, చార్‌కమాన్ నడుమ గుల్జార్ హౌజ్ దాటితే పత్తర్‌గట్టి. ఆ రాతి కమాన్ల వరస పాతదిలా కనిపిస్తుంది కానీ వయసులో చార్మినార్‌కు మునిమనవడి మునిమనవడు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేల ప్రాణాలను తీసుకెళ్లింది. ఆ తర్వాత 1912లో ఏర్పడ్డ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఈ వీధిని వెడల్పు చేసి, రాతితో కట్టించింది.

పత్తర్‌గట్టి నుంచి మా ఛత్తా బజార్ వైపు మళ్లితే దివాన్ దేవిడీ. ఇక్కడ చుట్టాలు నా ముఖం చూస్తారు. చూడ్డానికి ఏముందని! ద్వారం మిగిలింది, లోపల బట్టల మార్కెట్. పింగాణీ పళ్లేలూ గిన్నెలూ గోడలకే తాపడం చేసిన చీనీఖానా, అద్దాల ఆయినాఖానా ఈ ఆవరణలోనే ఉండేవి. లాలా దీన్‌దయాళ్ తీసిన ఫోటోల్లో వాటిని చూసి, వచ్చి ఇక్కడ నిలబడితే కడుపులో దేవినట్టుంటుంది. ఇప్పుడు ఆ గడప మీదుగా చీరల మూటలెత్తుకున్న హమాలీలు పొద్దస్తమానం లోపలికీ బయటికీ తిరుగుతుంటారు. ఎవరినీ ఎవరూ అడగరు.

అఫ్జలుద్దౌలా 1869లో చనిపోయాడు. వారసుడు మహబూబ్ అలీకి అప్పటికి మూడేళ్లు కూడా నిండలేదు. పసివాడి పేరున రాజ్యం చూసే బాధ్యత దివాన్ మీద పడింది. అడగాల్సిన మనిషి లేడిక. 1876లో ఆయన ఓడెక్కి యూరప్ వెళ్లాడు. పారిస్‌లో జారిపడి కాలు విరగ్గొట్టుకున్నా ఇంగ్లండు దాకా వెళ్లే వచ్చాడు. ఆ ప్రయాణంలోనే రోమ్‌లో బెంజోని చెక్కిన పాలరాతి రెబెక్కాను కొన్నాడు. మ్యూజియంలో అందరూ ముందు ఆ బొమ్మ దగ్గరికే వెళ్తారు. పాలరాతి మేలిముసుగు, దాని వెనక ముక్కూ పెదవులూ తెలుస్తుంటాయి, తడిగుడ్డ అతుక్కున్నట్టు. శిల్పి గొప్పతనం గురించి మాట్లాడుకుంటారు. నేనైతే కొన్న మనిషి గురించి ఆలోచిస్తాను. ఏడేళ్ల క్రితం ఊరి బయట తోటకు వెళ్లడానికి అర్జీ పెట్టుకున్నవాడు రోమ్ నగరంలో తనకు నచ్చింది ఎంచుకుంటూ నిలబడ్డ ఆ రోజు ఎలా ఉండి ఉంటుంది!

మ్యూజియంలో మిగతా చాలావరకు ఆయన మనవడు కూడబెట్టినదే. మూడో సాలార్‌జంగ్ యూసుఫ్ అలీ ఖాన్ 1912లో దివాన్ అయి, రెండేళ్లకే దిగిపోయాడు. పెళ్లి చేసుకోలేదు. 1949లో చనిపోయేదాకా వస్తువులు కొంటూనే ఉన్నాడు. 1951 డిసెంబరు 16న నెహ్రూ ఈ మ్యూజియాన్ని తెరిచింది దివాన్ దేవిడీలోనే. వస్తువులు అవి చేరిన ఇంట్లోనే ఉండేవన్నమాట. 1968లో మూసీ ఒడ్డున దారుల్‌షిఫాలో ఈ భవనంలోకి మార్చారు. సామాను దక్కింది, ఇల్లు పోయింది. చౌమహల్లాను బాగుచేసిన శ్రద్ధలో సగమైనా దేవిడీకి దక్కి ఉంటే, రెబెక్కా తన గదిలోనే ఉండేది.

ఉస్తాద్ నన్ను మొదటిసారి మ్యూజియానికి తీసుకొచ్చింది రెబెక్కా కోసం కాదు. భోజనం టైములో టిఫిన్ డబ్బా కూడా విప్పకుండా, టిక్కెట్లు తనే కొని, నేరుగా రాతప్రతుల దగ్గరికి నడిపించారు. అక్కడ యాఖూత్ అల్ ముస్తాసిమి రాసిన ఖురాన్ ఉంది. పదమూడో శతాబ్దపు బాగ్దాద్ లిపికారుడు ఆయన. రెల్లు కలం మొనను ఏటవాలుగా కోయడం ఆయన తెచ్చిన పద్ధతే అంటారు. ఉస్తాద్ జేబులోంచి తన కలం తీసి, చూడు, ఇదే కోత అన్నట్టు అద్దం దగ్గర పెట్టి నాకు చూపించారు. తర్వాత నన్ను మరిచిపోయారు. కుడిచేతి చూపుడు వేలు తొడ మీద కదులుతోంది. ఎదురుగా ఉన్న వరసను కుడి నుంచి ఎడమకు, ఒక్కో అక్షరమే రాస్తున్నారు.

ఒంటిగంట కావస్తుంటే హాల్లో ఉన్నవాళ్లంతా సంగీత గడియారం వైపు పరుగెత్తారు, లోపలి బొమ్మ బయటికొచ్చి గంట కొట్టేది చూడ్డానికి. నేనూ రెండడుగులు వేసి వెనక్కి చూశాను. ఆయన రెండో వరసలో ఉన్నారు.