పెడన అచ్చు

పెడనలో ఎవరైనా "అచ్చు పోయింది" అంటే ఆ మాట ఏ వీధిలో పడిందో చూసుకుని అర్థం చెప్పుకోవాలి. మగ్గాల వీధిలో అయితే పన్ను వంగి బట్ట పొడవునా గీత పడుతోందని. అద్దకం షెడ్డులో అయితే చెక్క మీది తీగ అరిగిపోయిందనో, అంచు చిట్లిందనో. ఈ ఊరు నేతతోనూ అద్దకంతోనూ బతికింది. రెండు పనులకూ ప్రాణమైన వస్తువు ఒకదానికొకటి పోలికే లేని రెండు రూపాల్లో ఉన్నా, పేరు మాత్రం ఒకటే. ఊరి చరిత్ర చెప్పేవాళ్లు నేతగాళ్లను చెబుతారు, అద్దకంవాళ్లను చెబుతారు, వ్యాపారులనూ చెబుతారు. అచ్చు చేసినవాళ్లనూ బాగుచేసినవాళ్లనూ ఎవరూ చెప్పరు. నా బాధ అదే.

ముందు మగ్గం సంగతి. గుంట మగ్గం మీద ఊగే చెక్కలో దువ్వెనలా బిగించి ఉండేది అచ్చు. పడుగు పోగులు దాని సందుల్లోంచి వస్తాయి. నాడె అటూ ఇటూ పరిగెత్తి పేక వేశాక, ఆ పోగును ముందుకు నెట్టి బిగించేది అదే. దానికి నంబరు ఉంటుంది. 72 నంబరు అచ్చు అంటే రెండంగుళాల్లో 72 సందులు. సందుకు రెండు పోగుల లెక్కన అంగుళానికి 72 పోగులు. 46 అంగుళాల పన్నా ఉన్న బట్టకు 3,300 పై చిలుకు పోగులు అందులోంచి రావాలి. ఒక్క పన్ను వంగినా ఆ జాడ మొదటి గజం నుంచి చివరి గజం దాకా కనిపిస్తుంది. ఆ బట్టకు ధర తగ్గిస్తారు, కోత నేతగాడి కూలి మీదే పడుతుంది.

ఇప్పుడు స్టీలు అచ్చులు వచ్చాయి. అంతకుముందు సన్నగా చీల్చిన పుల్లలను వరసగా పేర్చి, పైనా కిందా బద్దల మధ్య దారంతో బిగించి కట్టేవారు. అందుకే అది 'అచ్చు కట్టడం' అయింది. ఆ పని మీద బతికిన కులమే ఒకటుంది. మన రాష్ట్ర వెనుకబడిన తరగతుల జాబితాలో ముస్లింలకు ఏర్పరచిన 'ఇ' వర్గం చూడండి. అచ్చుకట్లవాళ్లు, అచ్చుపనివాళ్లు, అచ్చుకట్టువారు అన్న పేర్లు కనిపిస్తాయి. సాలీలు, దేవాంగులు నేసిన ఎన్నో చీరల వెనక ఈ చేతులున్నాయి. హిందువు నేసిన పట్టుపంచెకు ముస్లిం కట్టిన అచ్చు ఆధారం. ఈ నేల మీద మతాల కలివిడి గురించి పెద్ద ఉపన్యాసాలు వినే పిల్లలకు ఈ చిన్న నిజం చెబితే చాలనిపిస్తుంది.

నేతలోనే అచ్చుకు ఇంకో వాడుక ఉంది. పడుగు అయిపోయాక మగ్గాన్ని మళ్లీ మొదటినుంచి ఎక్కించరు. పాత పడుగు కొసలను అచ్చులో, పోగులను పైకీ కిందికీ కదిపే అల్లుల్లో అలాగే వదిలేసి, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే వాటికి కలిపి మెలిపెడతారు. దీన్నే 'అచ్చు అతకడం' అంటారు. వేళ్లకు బూడిద అద్దుకుని, పోగుకు పోగు మెలేస్తూ వేల ముడులు పూర్తిచేస్తారు. వరస తప్పితే నేత మొత్తం చెడుతుంది. ఈ పనిలో ఆడవాళ్ల చేతివాటం చూడాలి. కళ్లు ఆనని వయసులో కూడా వేళ్లకే వరస తెలుస్తుంది. కూలి లెక్కల్లో మాత్రం ఈ పని నేతకు ముందు చేసే చిల్లర పనుల్లో కలిసిపోతుంది. అది అన్యాయం.

ఇక అద్దకం. బందరు కలంకారీ అని దేశం పిలిచే బట్టలో ఎక్కువ భాగం తయారయ్యేది పెడనలోనే. పేరులో కలం ఉంది గానీ ఇక్కడి పని కలంతో కాదు, టేకు చెక్క అచ్చుతో. కలం పట్టేది శ్రీకాళహస్తిలో. గోల్కొండ సుల్తానుల కాలంలో పారశీక దేశం కోరిన సరుకుకు అచ్చు అనువైంది. ఒకే పువ్వును వందల బట్టల మీద తేడా లేకుండా దించవచ్చు. డచ్చివాళ్లు బందరులో కోఠీ పెట్టిందీ, 1611లో ఇంగ్లీషువాళ్లు వచ్చిందీ ముఖ్యంగా ఇక్కడి బట్టల కోసమే. తరవాతి శతాబ్దాల్లో మిల్లు బట్ట మన నమూనాలనే కాపీ కొట్టి మన మార్కెట్టును దెబ్బతీసింది.

అచ్చు చెక్కేవాళ్ల చోట కాసేపు కూర్చుంటే లేవబుద్ధి కాదు. టేకు దిమ్మ ముఖాన్ని అద్దంలా నున్నగా రాచి, సుద్ద పూసి, కాగితం మీది నమూనాను దాని మీదికి దించుతారు. బరమాతో లోతులు తొలిచి, సన్న ఉలులతో తీగ చుట్టూ చెక్క తీసేస్తారు. మిగిలేది ఉబ్బుగా నిలిచిన గీత ఒక్కటే. ఒక్క పువ్వుకు ఒక్క అచ్చు సరిపోదు. గీతకు ఒకటి, ఆ గీత లోపల నింపే ప్రతి రంగుకూ ఒకటి చెక్కాలి. అన్నీ ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి.

ఆ కచ్చితత్వం ఎందుకో అద్దకం తెలిసినవాళ్లకే తెలుసు. ఇక్కడ చాలావరకు అచ్చు మోసేది రంగును కాదు. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టిన బట్ట మీద తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీటితో గుద్దితే నల్లగీత లేస్తుంది. ఎరుపు రావలసిన చోట పటిక గుద్దుతారు. ఆ పటిక జాడ కళ్లకు సరిగ్గా ఆనదు. బట్టను కాలవలో జాడించి, రాగి కాగుల్లో రంగు చెక్కతోనో వేరుతోనో ఉడకబెట్టాకే, పటిక పడిన చోట ఎరుపు బయటపడుతుంది. అచ్చు పక్కకు జరిగిందని అప్పుడు తెలిసినా చేయగలిగిందేమీ లేదు. కృష్ణా కాలవలో పారే తీపినీళ్లు లేకపోతే ఈ పనే లేదు. వేసవిలో కాలవలు కట్టేస్తే ఉతుకు ఆగిపోతుంది.

టేకైనా నీళ్లకూ పటికకూ కొన్నాళ్లకు లొంగుతుంది. అరిగిన అచ్చు గీతను లావుగా వేస్తుంది, ఆకు ఈనెలు కలిసిపోతాయి. "అచ్చు తెగ్గొట్టించుకు రండి" అని యజమాని అనడు. "ఒకసారి చూపించండి" అంటాడు, వైద్యుడికి చూపించమన్నంత గౌరవంగా. చెక్కేవాడు లోతు మళ్లీ దించి, తీగను పదును చేసి ఇస్తాడు. ప్రతి మరమ్మతుకూ దిమ్మ పలచబడుతుంది. ఇక లోతు దించలేని రోజు వస్తే దాన్ని పక్కనపెట్టి, దాని మీది నమూనాతోనే కొత్తది చెక్కుతారు. అంటే ఈనాటి మామిడిపిందె వెనక తాతల నాటి మామిడిపిందె ఉంది. మన దగ్గర పుస్తకాల్లో లేని చిత్రకళా చరిత్ర ఇలా చెక్క నుంచి చెక్కకు నడిచింది.

పక్కనున్న బందరుకు పోతే ఇదే మాట సీసపు అక్షరాలకు చెల్లింది. 1902లో అక్కడ మొదలైన కృష్ణాపత్రికను ముట్నూరి కృష్ణారావు గారు 1907 నుంచి 1945 దాకా నడిపారు. మా పెద్దల నోట ప్రెస్సు అన్న మాట తక్కువ, 'అచ్చాఫీసు' అనేవారు. చిలకలపూడి గిల్టు నగల పనిలో రేకును పెట్టి కొట్టే ఉక్కు దిమ్మా అచ్చే. గుర్తు వేసి ఊరి మీద వదిలిన కోడె అచ్చోసిన ఆంబోతు. మూసలో పోసింది అచ్చు బెల్లం. అక్షరమాలలోని అచ్చు సంస్కృతం నుంచి వచ్చింది, దానికీ వీటికీ సంబంధం లేదు.

ఇప్పుడు ఊళ్లో స్క్రీన్ అద్దకం బలపడింది. అచ్చుతో గుద్దడానికి గంటలు పట్టే బట్ట స్క్రీన్ మీద నిమిషాల్లో అయిపోతుంది. రసాయన రంగులతో వేసి దాన్నీ కలంకారీ అనే అమ్ముతున్నారు. చవగ్గా బట్ట కావలసినవాళ్లకు స్క్రీన్ ఉండనివ్వండి, దానిమీద బతికేవాళ్లూ మనవాళ్లే. కానీ రెంటినీ ఒకే పేరుతో అమ్మడం కొనేవాడిని మోసం చేయడమే. ఆ మోసంలో మొదట పని పోగొట్టుకునేది అచ్చు చెక్కేవాడు. స్క్రీనుకు అతని అవసరం లేదు. అతను పనిమానేస్తే, అచ్చుతో అద్దేవాడికి అరిగిన దిమ్మ తీసుకెళ్లడానికి ఇల్లుండదు.

పాత అచ్చులు నగరాల్లో గోడ అలంకారాలుగా అమ్ముడవుతున్నాయి. మన అటకల మీదివీ అటే పోతున్నాయి. పెడనవాళ్లందరికీ నా మనవి ఒకటే. అమ్మడం తప్పనిసరైతే అమ్మండి. అమ్మే ముందు సిరా రాసి, తెల్లకాగితం మీద ఒక్కసారి గుద్దండి. చెక్కినవారి పేరు, ఏ బట్టకు వాడారో, ఎవరు బాగుచేశారో తెలిసినంతవరకు ఆ కాగితం కింద రాయండి. పుల్లల అచ్చు ఇంకా ఇంట్లో ఉన్న నేతగాళ్లు దాన్ని పొయ్యిలో పెట్టకండి. మునిసిపాలిటీ ఒక గది ఇస్తే, వీటన్నిటినీ ఒకచోట చేర్చే పనికి నేనూ వస్తాను.