స్విచ్ స్లాట్‌లో సర్వర్

1990లో అమెరికాలో కల్పన అనే కంపెనీ ఈథర్‌స్విచ్‌ను తెచ్చినప్పుడు దాని పని ఒక్కటే: వచ్చిన ఫ్రేమ్ ఏ పోర్టుకు వెళ్లాలో చూసి అటు పంపడం. 1999లో సిస్కో విడుదల చేసిన క్యాటలిస్ట్ 6500 వరుస ఆ హద్దు దాటింది. పోర్టుల కార్డుల పక్కనే ఫైర్‌వాల్, ట్రాఫిక్ విశ్లేషణ వంటి పనులు చేసే కార్డులూ దాని చాసిస్‌లో చేరాయి. విశ్లేషణ కార్డుకైతే సొంత ప్రాసెసర్, సొంత హార్డ్‌డిస్క్ ఉండేవి. 2009లో హెచ్‌పీ ఇంకో అడుగు ముందుకేసి, ప్రోకర్వ్ స్విచ్‌ల స్లాట్‌లో పట్టే సర్వర్ మాడ్యూల్‌నే తెచ్చింది. అంత ఊపు మీద వచ్చిన ఈ కార్డులు స్విచ్‌లలో నిలదొక్కుకోలేదు. వాటికి శక్తి చాలలేదనడం సగం నిజమే. వేర్వేరు ఆయుష్షులున్న రెండు యంత్రాలను ఒకే చాసిస్‌లో బిగించడం అసలు కారణం.

బిగించడం కష్టమేమీ కాదు. మణికట్టుకు యాంటీ స్టాటిక్ పట్టీ కట్టుకుని, ఖాళీ స్లాట్ మూత విప్పి, కార్డును గాడుల వెంట నెట్టి, బ్యాక్‌ప్లేన్ కనెక్టర్‌లో గట్టిగా కూర్చున్నాక స్క్రూలు బిగించాలి. తర్వాత స్విచ్ కన్సోల్ నుంచే ఆ స్లాట్‌కు సెషన్ తెరిచి, ఐపీ చిరునామా, గేట్‌వే ఇచ్చి, లోపలి పోర్టును తగిన వీల్యాన్‌లో పెట్టాలి. బయట అదనంగా ఒక్క కేబుల్ కనిపించదు. చాలామంది దీనికి ముచ్చటపడటంలో తప్పులేదు. తీసేటప్పుడే అసలు చిక్కు. పోర్టుల కార్డును స్విచ్ నడుస్తుండగానే లాగేయొచ్చు. విశ్లేషణ కార్డును అలా లాగితే డిస్క్ పాడయ్యే ప్రమాదముంది. ముందు షట్‌డౌన్ చేసి, స్టేటస్ దీపం నారింజ రంగుకు మారేదాకా ఆగాలి. అంటే నెట్‌వర్క్ వాళ్ల పెట్టెలో డిస్కు, ఆపరేటింగ్ సిస్టమ్, ప్యాచ్‌ల బాధ్యత వచ్చి కూర్చుంది. పైగా 1999 నాటి 6500 వరుసకు 2011లో కూడా కొత్త సూపర్‌వైజర్ కార్డు (స్విచ్ మొత్తాన్ని నడిపే ప్రధాన కార్డు) వచ్చింది. ఆ పన్నెండేళ్లలో సర్వర్ ప్రాసెసర్లు ఎన్నో తరాలు మారిపోయాయి.

చిన్న బ్రాంచి ఆఫీసు మాటేమిటని అడగొచ్చు. అక్కడ సర్వర్ గది ఉండదు, ర్యాక్‌లో చోటుండదు. అలాంటి చోట ఒకే పెట్టె నిజంగా అక్కరకొస్తుంది. 2012లో సిస్కో రౌటర్లలో పట్టే యూసీఎస్ ఈ-సిరీస్ సర్వర్లు తెచ్చింది అందుకే. కానీ ఆ పెట్టె పవర్ సప్లై పోతే నెట్‌వర్కూ సర్వరూ ఒకేసారి ఆగుతాయి. ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటుంది: 2017లో మొదలైన క్యాటలిస్ట్ 9000 కుటుంబం స్విచ్‌లోనే అప్లికేషన్లను కంటెయినర్లలో నడుపుతోంది కదా, పాత ఆలోచనే నెగ్గినట్టు కాదా? స్విచ్ దగ్గరే అప్లికేషన్ నడపాలన్న కోరిక సరైనదేనని ఒప్పుకోవాల్సిందే. అయితే కంటెయినర్ పాతబడితే చెరిపేసి కొత్తది ఎక్కిస్తాం. చాసిస్ జోలికి పోనక్కర్లేదు. 2012 అక్టోబరులో టెలికాం కంపెనీలు ఎన్‌ఎఫ్‌వీ (నెట్‌వర్క్ ఫంక్షన్స్ వర్చువలైజేషన్) పత్రంలో కోరింది కూడా నెట్‌వర్క్ పనులను ప్రత్యేక పెట్టెల నుంచి విడదీసి, మామూలు సర్వర్లపై సాఫ్ట్‌వేర్‌గా నడపాలనే. క్యాటలిస్ట్ 9300లో అప్లికేషన్ల కోసం వాడే ఎస్‌ఎస్‌డీ కూడా స్లాట్‌లో బిగించే కార్డు కాదు. స్విచ్ వెనక యూఎస్‌బీ పోర్టులో గుచ్చేది.