నేటాల్ ఆస్పత్రులూ - మన పెద్దల మాటా

పండుగ సంచిక అనగానే మనం గుడులను గురించి రాసుకుంటాం. భజన మందిరాలను, తెలుగు బడులను, వీధి నాటకాలను తలచుకుంటాం. అది సబబే. మన ముత్తాతలు ఓడ దిగినప్పుడు వెంట తెచ్చుకున్న ఆస్తి అంతే గనుక. అయితే ఈ దేశంలో వారు కష్టపడి సంపాదించిన మరొక ఆస్తిని మనం అంతగా తలచుకోము. అదే ఆస్పత్రి. ఈనాడు ఒంట్లో బాగులేకపోతే ఆస్పత్రికి వెళ్ళి వరుసలో నిలబడతాం, చీటీ తీసుకుంటాం, మందు తెచ్చుకుంటాం. ఆ వరుసలో నిలబడే హక్కు ఎలా వచ్చిందో మన పిల్లలకు చెప్పే పెద్దలు తగ్గిపోతున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

1860 నవంబరు 16వ తేదీన 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి 342 మందిని తీసుకొని డర్బన్ రేవుకు చేరింది. ఆనాటి నుంచి 1911లో గిరిమిట్ పద్ధతి ఆగిపోయేవరకు నేటాల్‌కు వచ్చిన భారతీయ కూలీలు 1,52,184 మంది. వారిలో ఇంచుమించు మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారే. విశాఖపట్నం జిల్లా నుంచి, గోదావరి ప్రాంతం నుంచి, చిత్తూరు తాలూకాలు కలిసి ఉన్న అప్పటి ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చిన తెలుగువారు వీరిలో చాలామంది ఉన్నారు.

ఒప్పందం అయిదేళ్ళకు. మొదటి ఏడు నెలకు పది షిల్లింగుల జీతం, తరువాత ఏడాదికొక షిల్లింగు పెంపు. దానితోపాటు తిండి, ఇల్లు, జబ్బు చేస్తే వైద్యం. కాగితం మీద వైద్యం ఉన్నది. తోటలో మాత్రం ఎవరికి జబ్బు ఉన్నదో, ఎవరు పని ఎగ్గొట్టడానికి మూలుగుతున్నారో తేల్చేది తోట యజమాని. వైద్యుడు దొర, ఆయనకు తెలుగు రాదు. రోగికి ఇంగ్లీషు రాదు. కడుపులో నొప్పి అన్న మాట సర్దారు నోటి మీదుగానో, దుబాసీ నోటి మీదుగానో వెళ్ళాలి. చేరేసరికి ఆ మాటలో ఎంత మిగిలేదో ఊహించుకోవచ్చు. పనిలోకి రాని రోజుకు జీతంలో కోత సరేసరి.

ఈ పరిస్థితి మారడానికి మొదటి కారణం ఏ దొరగారి దయా కాదు. తిరిగి ఇంటికి వెళ్ళిన కూలీల నోరే కారణం. 1871లో గడువు తీరిన మొదటి జట్టు మద్రాసు చేరింది. వారు రేవులో దిగి, కొట్టిన దెబ్బల గురించీ, ఎగ్గొట్టిన జీతాల గురించీ అధికారులతో చెప్పుకున్నారు. చదువు రాని కూలీల ఫిర్యాదే గదా అని తోసివేయడానికి వీలు లేకపోయింది. భారత ప్రభుత్వం ఈ సంగతులు చక్కబడితే గాని కూలీలను పంపబోమని పట్టుబట్టింది. చెరకు తోటలకు మనుషులు కావాలి. కనుక నేటాల్ ప్రభుత్వం 1872లో విచారణ సంఘాన్ని నియమించక తప్పలేదు. దానికి 'కూలీ కమిషన్' అని పేరు. అటార్నీ జనరల్ గాల్వే, లెఫ్టినెంట్ కర్నల్ లాయిడ్ అందులో సభ్యులు.

ఆ విచారణ ఫలితంగా కొరడా దెబ్బల శిక్షను తీసివేయాలన్నారు. 'కూలీ ఏజెంటు' స్థానంలో భారతీయ వలసదారుల సంరక్షకాధికారిని నియమించారు. వైద్యం తోట యజమాని ఇష్టానికి వదిలిన విషయం కాదన్న సూత్రం నిలబడింది. తోటలున్న ప్రాంతాలను వైద్య మండలాలుగా విభజించి, ఒక్కొక్క మండలానికి వైద్యాధికారిని పెట్టే పద్ధతి వచ్చింది. 1874లో మళ్ళీ ఓడలు కదిలాయి. ఈ దేశపు వైద్య విధానంలో మనవారి మాట పడిన మొదటి ముద్ర ఇదే. వారు సంతకం చేయడం తెలియనివారు. అయినా తమ ఒంటి మీది మచ్చలను చూపి చట్టాన్ని కదిలించారు.

కాని ఇందులోనే ఒక లోటు కూడా ఉన్నది. 1874లోనే వలస వ్యవహారాల కోసం ఒక ట్రస్టు బోర్డు ఏర్పడింది. అందులో పెత్తనం తోటల యజమానులది. ఒక్క భారతీయుడికీ చోటు లేదు. అంటే, మనవారు ఫిర్యాదు చెప్పుకోవచ్చు. తీర్పు చెప్పే బల్ల దగ్గర కూర్చోరాదు. ఆ తరువాత ఇంచుమించు నూటయిరవై ఏళ్ళ చరిత్ర అంతా ఈ ఒక్క కుర్చీ కోసం జరిగిన ప్రయత్నమే అనవచ్చు.

కుర్చీ దొరకనప్పుడు మనవారు ఏం చేశారు? తమ వైద్యశాలను తామే పెట్టుకున్నారు. 1898లో డర్బన్‌లో సెయింట్ ఎయిడాన్స్ మిషన్‌కు చెందిన డాక్టర్ బూత్ గారి పర్యవేక్షణలో ఒక చిన్న ధర్మాసుపత్రి మొదలయింది. పార్సీ రుస్తుంజీ గారు అందుకు విరాళమిచ్చారు. అక్కడ రోజూ గంటా రెండు గంటలు మందులిచ్చే పనికి కుదిరిన స్వచ్ఛంద సేవకుడు మరెవరో కాదు, గాంధీగారు. ఆ పని వల్ల తాను గిరిమిట్ కూలీలైన తమిళులకూ, తెలుగువారికీ, ఉత్తర హిందూస్థానీలకూ దగ్గరయ్యానని ఆయన తన ఆత్మకథలో రాసుకున్నారు. ఆయన చేసిన పనేమిటో గమనించండి. రోగి బాధ ఏమిటో అడిగి తెలుసుకోవడం, దాన్ని డాక్టరుకు చెప్పడం, రాసిచ్చిన మందు కలిపి ఇవ్వడం. మొదటి పని వినడం. తోటలో కరువైనది సరిగ్గా అదే.

మరుసటి ఏడాది, 1899లో, బోయర్ యుద్ధం వచ్చింది. గాయపడినవారిని మోయడానికి ఇంచుమించు 1,100 మంది భారతీయులతో అంబులెన్సు దళం ఏర్పడింది. అందులో దాదాపు 800 మంది గిరిమిట్ కూలీలే. శిక్షణ ఇచ్చినవారు డాక్టర్ బూత్ గారే. నిన్నటివరకు జబ్బు చేస్తే అనుమానంగా చూడబడినవారు, కొలెన్సో, స్పయన్ కాప్ యుద్ధరంగాల నుంచి దొరల సిపాయిలను భుజాన వేసుకొని మైళ్ళ తరబడి నడిచారు. ఆ దళపు నాయకుల్లో ఆర్. కె. ఖాన్ అనే న్యాయవాది ఒకరు. ఈ పేరు గుర్తుంచుకోవాలి, మళ్ళీ వస్తుంది.

గిరిమిట్ తీరినవారిలో కొందరు నేటాల్ వదిలి బంగారు గనుల జొహాన్నెస్‌బర్గ్‌కు చేరారు. అక్కడ భారతీయులను 'కూలీ లొకేషన్' అనే ఒక మూలకు నెట్టారు. 1903లో మునిసిపాలిటీవారు ఆ స్థలాన్ని స్వాధీనం చేసుకున్నారు గాని, శుభ్రం చేయించే పూచీ సరిగా తీసుకోలేదు. జనం కిక్కిరిసి పోయారు. 1904 ఫిబ్రవరిలో గాంధీగారు నగర ఆరోగ్యాధికారికి ఉత్తరం రాశారు - ఇలాగే ఉంటే అంటువ్యాధి వచ్చి తీరుతుందని. ఎవరూ కదలలేదు. మార్చి నెలలో ప్లేగు రానే వచ్చింది. ఒక్క సాయంత్రమే 23 మంది రోగులు గని నుంచి లొకేషన్‌కు తిరిగివచ్చారు. మదనజీత్ ఒక ఖాళీ ఇంటి తాళం పగలగొట్టి రోగులను అందులో చేర్చగా, డాక్టర్ విలియం గాడ్‌ఫ్రే, గాంధీగారు ఆయనతో కలిసి రాత్రంతా సేవ చేశారు. చివరకు లొకేషన్‌ను ఖాళీ చేయించి తగులబెట్టారు. ఈ కథలో నీతి పెద్దదేమీ కాదు. మురికిలో ఉన్నవాడికి ఆ మురికి సంగతి అందరికంటె ముందు తెలుస్తుంది. అతణ్ణి అడిగి, చెప్పింది విని ఉంటే ఒక నెల ముందే మేలుకొనేవారు.

తరువాతి కాలంలో మన సంఘాలు తలెత్తాయి. 1921లో డర్బన్‌లో ఆర్య అనాథాశ్రమం వెలిసింది. దిక్కులేని ముసలివారికీ రోగులకూ అది ఆసరా అయింది. 1929 నుంచి 1932 వరకు భారత ప్రభుత్వ ఏజెంటుగా ఇక్కడ ఉన్నవారు మన కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారు. ఆ కాలంలోనే, 1931లో, దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ ఏర్పడింది. భాషకోసం ఏర్పడిన సంఘమే అయినా, మనవారందరికీ ఒకచోట కూడి మాట్లాడుకునే వేదిక దొరికింది. వేదిక ఉంటేనే గదా మహజరు రాయగలం, అధికారి ముందుకు వెళ్ళగలం!

ఆర్. కె. ఖాన్ గారు కన్నుమూసేటప్పుడు భారతీయ పేదల వైద్యానికి తన ఆస్తిని వదిలిపోయారు. ఆయన పేర ఆస్పత్రి, డిస్పెన్సరీల ట్రస్టు ఏర్పడింది. అయితే ఆస్పత్రి తలుపులు తెరుచుకునేసరికి 1969 వచ్చింది. ఈలోగా 1950 నాటి గ్రూపు ఏరియాల చట్టం మన ఇళ్ళను పెరికివేసింది. డర్బన్ కార్పొరేషన్‌లో ఊడ్చే పనీ, చెత్త ఎత్తే పనీ చేసిన తమిళ, తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్న మ్యాగజీన్ బ్యారక్స్ ఖాళీ అయింది. వారిని చాట్స్‌వర్త్‌కు తరలించారు. ఊరంతటినీ శుభ్రంగా ఉంచినవారి సొంత గదులు ఇరుకైనవి, గాలి ఆడనివి. ఆ జనం చేరిన చాట్స్‌వర్త్‌లోనే ఖాన్‌గారి ఆస్పత్రి లేచింది. ఈనాడు అది ప్రభుత్వాసుపత్రిగా నడుస్తున్నది. పునాదిలో ఉన్నది మాత్రం ఒక వలసదారుని వీలునామా.

వైద్యులు కూడా మనలోనుంచే వచ్చారు. డాక్టర్ గూనం గారు ఎడింబరోలో చదివి 1936లో డర్బన్‌కు తిరిగివచ్చారు. ఈ దేశంలో తొలి భారతీయ మహిళా వైద్యురాలు ఆమె. తెల్లవారి ఆస్పత్రుల్లో తెల్ల నర్సులు నల్ల డాక్టరు ఆజ్ఞకు లోబడరన్న కాలమది. ఆమె సొంతంగా వైద్యం చేశారు, 1946 సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళారు, తరువాత తన జీవితకథకు 'కూలీ డాక్టర్' అని పేరు పెట్టారు. ఒకప్పుడు తిట్టుగా వాడిన మాటను బిరుదుగా మార్చుకున్న ధీశాలి. ఆమెతోపాటు పోరాడిన డాక్టర్ మాంటీ నాయకర్ కూడా ఎడింబరోలో చదివినవారే. ఇంటికి వచ్చిన రోగి జబ్బుకు సగం కారణం అతని ఇల్లు, జీతం, చట్టం అని తెలుసుకున్నందువల్లనే ఈ డాక్టర్లు రాజకీయాల్లోకి దిగారనిపిస్తుంది. 1951లో డర్బన్‌లో వైద్య కళాశాల తెరిచాక, ఆఫ్రికన్, భారతీయ, కలర్డ్ విద్యార్థులు సముద్రం దాటకుండానే డాక్టర్లయ్యే దారి మరింత సుగమమయింది.

ఇక ఆ కుర్చీ సంగతి. 1996 రాజ్యాంగం 27వ అధికరణం వైద్య సేవలు పొందే హక్కును ప్రతివారికీ ఇచ్చింది. 2003 జాతీయ ఆరోగ్య చట్టం ఆస్పత్రులకు బోర్డులూ, క్లినిక్కులకు కమిటీలూ ఉండాలని చెప్పి, వాటిలో స్థానిక ప్రజలకు చోటు కల్పించింది. 1874లో మనకు లేదన్న చోటు ఇప్పుడు చట్టంలో ఉన్నది. అది ఖాళీగా ఉంటే తప్పు ప్రభుత్వానిదే అనడానికి వీలులేదు. గుడి కమిటీకి ఎన్నికలంటే ముందుకు వచ్చే మనం, క్లినిక్ కమిటీ సమావేశానికి ఎందరం వెళ్తున్నాం? మన అమ్మమ్మల మోకాళ్ళ నొప్పులూ, మన కుటుంబాల్లో పట్టుకున్న చక్కెర జబ్బూ అక్కడ చెప్పేదెవరు?

ఇంకొక మాట చెప్పి ముగిస్తాను. 2025లో డర్బన్‌లోనూ, జొహాన్నెస్‌బర్గ్ ప్రాంతంలోనూ కొన్ని ఆస్పత్రుల గుమ్మాల దగ్గర గుంపులు నిలబడి, పరాయి దేశాలవారిని కాగితాలడిగి వెనక్కి పంపాయి. ఆ ఏడు నవంబరులో హైకోర్టు అలా చేయరాదని తీర్పు చెప్పింది. ఆ వార్త చదివినప్పుడు నాకు మద్రాసు రేవులో నిలబడి తమ బాధ చెప్పుకున్న ఆ మొదటి జట్టు కూలీలు గుర్తుకు వచ్చారు. గుమ్మం బయట నిలబెట్టబడినవారు ఒకప్పుడు మనమే. ఆస్పత్రి వరుసలో మన వెనుక నిలబడినవాడు ఏ ఊరివాడైనా, ఏ భాషవాడైనా, వాడికి కాస్త చోటివ్వడం, వాడి మాట డాక్టరుకు చేరేట్టు చూడడం మన పెద్దల ఋణం తీర్చుకునే దారుల్లో ఒకటి. పండుగనాడు దీపం పెట్టేటప్పుడు ఆ ఋణాన్ని కూడా తలచుకుందాం.