వైద్య విద్య ప్రవేశ పరీక్షకు అధ్యయన పద్ధతులు

వైద్య విద్య ప్రవేశ పరీక్షకు అధ్యయన పద్ధతులు అనగా ఎంబీబీఎస్, బీడీఎస్ మొదలగు కోర్సులలో ప్రవేశం కోరే బైపీసీ విద్యార్థులు, ఉన్న కాలంలో ఎక్కువ ఫలితం పొందుటకు అనుసరించదగిన చదువు విధానాలు. ఈ ప్రవేశాలకు జాతీయస్థాయిలో జరిగే పరీక్ష నీట్. 2025లో దీనిని 22 లక్షల మందికి పైగా వ్రాశారు. తెలుగు రాష్ట్రాలలో ఈ చదువును గంటలతో కొలవడం పరిపాటి. అయితే పుస్తకం ముందు కూర్చున్న గంటల కంటె, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకొనుటకు వెచ్చించిన సమయమే ఎక్కువ ఫలితమిస్తుందని జ్ఞాపకశక్తిపై జరిగిన పరిశోధనలు తెలుపుతున్నాయి.

పరీక్ష స్వరూపం

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో 2016 వరకు వైద్య సీట్లను ఎంసెట్ ర్యాంకుల ఆధారంగా కేటాయించారు. ఎంసెట్‌లో 160 ప్రశ్నలు ఉండేవి, తప్పు సమాధానానికి మార్కుల కోత లేదు. 2017 నుండి నీట్ మార్కులే ప్రాతిపదిక అయినవి. 2021 నుండి 2024 వరకు 200 ప్రశ్నలలో 180 వ్రాసే పద్ధతి ఉండగా, 2025లో తిరిగి 180 ప్రశ్నలు, 180 నిమిషాల పద్ధతి వచ్చింది. కనుక ఆ మధ్య సంవత్సరాలలో అచ్చయిన పుస్తకాలలోని సమయ ప్రణాళికలను యథాతథంగా అనుసరించరాదు.

మొత్తం 720 మార్కులలో జీవశాస్త్రానికి 360, భౌతిక, రసాయన శాస్త్రాలకు చెరి 180. సరైన సమాధానానికి 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. 2025లో ఇద్దరికి సమాన మార్కులు వచ్చినపుడు మొదట జీవశాస్త్రం మార్కులనే చూశారు.

చదివినది నిలిచే తీరు

జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లో తనపైనే ప్రయోగాలు చేసుకొని, నేర్చినదానిలో అధిక భాగం మొదటి కొద్ది గంటలలోనే మరపునకు వస్తుందని, ఆ తరువాత మరపు వేగం తగ్గుతుందని చూపాడు. 2006లో అమెరికాకు చెందిన రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కళాశాల విద్యార్థులపై జరిపిన ప్రయోగం ఇంకా ఆసక్తికరమైనది. ఒక పాఠాన్ని రెండుసార్లు చదివినవారిని, ఒకసారి చదివి తరువాత చూడకుండా వ్రాసినవారిని పోల్చారు. 5 నిమిషాల తరువాత పరీక్షించగా మళ్ళీ చదివినవారు 81 శాతం, వ్రాసినవారు 75 శాతం గుర్తుంచుకొన్నారు. వారం తరువాత ఈ ఫలితం తారుమారై 42, 56 శాతాలుగా నమోదయింది. అంటే పదేపదే చదవడం వలన కలిగే "వచ్చేసింది" అనే నమ్మకం ఆ పూటకే పరిమితం. బల్లపై రంగు గీతలతో నిండిన పుస్తకం ఉన్నవారందరికీ పాఠం వచ్చినట్లు కాదు.

దీనిని ఆచరణలో పెట్టడం కష్టం కాదు. మానవ హృదయం పాఠం చదివిన తరువాత పుస్తకం మూసి, తెల్లకాగితంపై పటం గీసి, కవాటాలను గుర్తించి, రక్తం నడిచే మార్గాన్ని వరుసగా వ్రాయాలి. తరువాత పుస్తకం తెరచి తప్పిన చోట మాత్రమే మళ్ళీ చదవాలి. ఇదే పనిని మరునాడు, నాలుగు రోజులకు, రెండు వారాలకు, నెలకు చేస్తే మొత్తం వెచ్చించే సమయం తక్కువే అవుతుంది. ఈ వ్యవధులు ఖచ్చితమైనవి కావు, మరచిపోబోయే వేళకు తిరిగి పలకరించడమే ఉద్దేశం.

భౌతికశాస్త్రంలో ఇంకొక ఇబ్బంది ఉన్నది. ఒకే అధ్యాయం లెక్కలు యాభై వరుసగా చేసినపుడు ఏ సూత్రం వాడాలో ముందే తెలిసిపోతుంది. పరీక్షలో ఆ సౌకర్యం ఉండదు. వారానికి రెండు మూడుసార్లు భ్రమణ చలనం, విద్యుత్ వలయాలు, కాంతి మొదలైన అధ్యాయాల లెక్కలను కలగలిపి చేయడం మేలు.

తప్పుల పుస్తకం

నమూనా పరీక్షలో వచ్చిన మార్కు కంటె పోయిన మార్కు ఉపయోగకరమైనది. ప్రతి తప్పును ఒక నోటు పుస్తకంలో కారణంతో సహా వ్రాయాలి: విషయం తెలియక తప్పిందా, "సరికానిది ఏది" అన్న మాటను "సరైనది" అని చదివి తప్పిందా, గుణకారంలో పొరపాటా. మొదటి రకానికి మందు పాఠ్యపుస్తకం, మిగిలిన రెండింటికి మళ్ళీ పాఠం చదివినా ప్రయోజనం లేదు. 2025 పరీక్ష మధ్యాహ్నం 2 నుండి 5 గంటల వరకు జరిగింది. భోజనానంతరం కునుకు అలవాటైనవారు నమూనా పరీక్షలను అదే వేళకు పెట్టుకొనుట మంచిది.

తెలియని ప్రశ్నను ముట్టుకోరాదని తరచు చెబుతారు. లెక్క ప్రకారం నాలుగింటిలో ఒకటి గుడ్డిగా గుర్తించినా సగటున పావు మార్కు లాభమే. రెండింటిని నిశ్చయంగా తోసిపుచ్చగలిగితే సగటు లాభం ఒకటిన్నర మార్కు. అయితే తప్పు ఎంపికలను అరకొర జ్ఞానం ఉన్నవారిని ఆకర్షించేటట్లు కూర్చుతారు కనుక, తోసిపుచ్చుటకు కారణం చెప్పగలిగినపుడే ఈ లెక్క పనిచేస్తుంది.

తెలుగు మాధ్యమం

2017 నుండి నీట్ ప్రశ్నపత్రం తెలుగులోనూ లభిస్తున్నది. అనువాదంలో సందిగ్ధత ఉంటే ఆంగ్ల పాఠమే ప్రమాణం. కావున దారువు అంటే జైలమ్, పోషక కణజాలం అంటే ఫ్లోయం, క్షయకరణ విభజన అంటే మియోసిస్ అని రెండు పేర్లూ మొదటి రోజు నుండే కలిపి నేర్చుకోవాలి. జీవశాస్త్రం ప్రశ్నలు ఎక్కువగా ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలను అనుసరించి ఉంటాయి. వాటిలోని పటాలు, పట్టికలు, పటాల క్రింది వాక్యాలు కూడా విడువరాదు.

నిద్ర, మానసిక ఆరోగ్యం

13 నుండి 18 ఏళ్ళవారికి రోజుకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరమని అమెరికా నిద్రావైద్య అకాడమీ 2016లో సూచించింది. పగలు నేర్చినది మెదడులో స్థిరపడుటకు నిద్ర తోడ్పడుతుంది. తెల్లవారుజామున 5కు లేపి రాత్రి 11 వరకు కూర్చోబెట్టే వసతిగృహపు దినచర్య, చదివించిన దానినే చెరిపివేస్తున్నదనాలి.

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ 2023లో మరణించిన 17 ఏళ్ళ విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం మార్కులను బట్టి విద్యార్థులను సెక్షన్లుగా విడదీయడం, పదిమందిలో అవమానించడం మానుకోవాలి. 100 మంది లేక అంతకు మించి విద్యార్థులున్న సంస్థలు శిక్షణ పొందిన కౌన్సిలర్‌ను నియమించాలి. వారాంతపు పరీక్ష ర్యాంకులను గోడకు అంటించడం ఇప్పటికీ అలవాటుగా ఉన్నచోట తల్లిదండ్రులు ఈ తీర్పును చూపి అడగవచ్చును. మనసు కుంగినపుడు విద్యార్థులు, తల్లిదండ్రులు కేంద్ర ప్రభుత్వపు టెలి మానస్ సేవకు 14416 నంబరుపై ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు.